జీపుకు లారీ యాక్సిల్ వేద్దామా?

మన తండాల నుంచి ఐటీఐ, పాలిటెక్నిక్, బీటెక్ మెకానికల్ చదివేటోళ్లు చాన మంది ఉన్నరు కాబట్టి ఈ ముచ్చట రాస్తున్న. జర పొడుగైతది, ఓపికతోని చదవండి.

మాది కొడకండ్ల మండలంల ఒక తండా. మా కాకాకు పాత ఫోర్ వీల్ మహీంద్రా జీపు ఉన్నది. పత్తి దినాల్ల చెల్కల నుంచి బస్తాలు తెచ్చేది అదే. రెండేండ్లకోసారి మేడారం జాతరకు ఇంటిల్లిపాది పోయేది కూడా అందులనే. వానాకాలం రాత్రి ఎవరికన్నా నొప్పులొస్తే 108 బండి పెద్ద రోడ్డు మీదనే ఆగుతది. అక్కడి దాకా బురదల నుంచి తీసుకపోయేది ఈ జీపే. అందుకే దాని వెనక యాక్సిల్ గురించి మా ఇంట్ల నెల రోజులు పంచాయితీ నడిచింది.

పోయిన పత్తి సీజన్‌ల ఎడమ పక్క యాక్సిల్ షాఫ్ట్ విరిగింది. చేను బాట కాబట్టి బండి మెల్లగ పోతున్నది. వెనక పత్తి ఏరే ఆడోళ్లు ఎనిమిది మంది ఉన్నరు, అందులో మా యాడి ఒకామె. చక్రం పక్కకు వాలి, డ్రమ్ము గీరుకుంట ఆగింది. ఎవరికీ ఏం కాలేదు.

కాకా వెంటనే తేల్చేసిండు. "బేటా, ఈ చిల్లర రిపేర్లు వద్దు. వరంగల్ ఆటోనగర్ల 407 లారీ వెనక యాక్సిల్ పాతది దొరుకుతది. అది ఎక్కిస్తే జిందగీల మళ్ల విరగది" అన్నడు. మా దిక్కు చాన మంది అనేది ఇదే మాట.

కాకా మాటల సగం నిజం ఉన్నది, ఆ సగం సంగతి ముందు చెప్త. మన జీపు వెనక ఉండేది సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్. అంటే షాఫ్ట్ రెండు పనులు చేస్తది: చక్రాన్ని తిప్పుతది, బండి బరువు కూడా మోస్తది. లారీది ఫుల్ ఫ్లోటింగ్. దాంట్ల చక్రం హబ్బు రెండు బేరింగుల మీద, హౌసింగ్ కొనకే కూసుంటది. బరువు మొత్తం హౌసింగ్ మోస్తది, షాఫ్ట్‌కు తిప్పే పని ఒక్కటే. లారీ షెడ్లల్ల చూసే ఉంటరు, జాకీ పెట్టకుండనే బోల్టులు విప్పి షాఫ్ట్ బయటకు గుంజుతరు. బండి చక్రాల మీద అట్లనే నిలబడి ఉంటది. షాఫ్ట్ విరిగినా చక్రం ఊడదు. మనదాంట్ల అట్ల కాదు. బేరింగుకు లోపలి పక్క విరిగింది కాబట్టి ఆ బేరింగు పట్టుకొని చక్రం నిలిచింది. అదే బయటి పక్క విరిగి ఉంటే చక్రం దారి చక్రానిది, జీపు దారి జీపుది. ఇది లారీలకే ఉండే విద్య కూడా కాదు. రెండో ప్రపంచ యుద్ధంల విల్లీస్ జీపుకు వెనక ఫుల్ ఫ్లోటింగే ఉండె. యుద్ధం అయినంక ఊర్లల్ల తిరిగే జీపులకు సెమీ ఫ్లోటింగ్‌కు మారిండ్రు.

మరి లారీది వేస్తే అయిపోతది కదా అంటరు. ముందు రేషియో చూడాలె. పాత జీపుల్ల క్రౌన్ పినియన్ 43 పండ్లు, 8 పండ్లు, అంటే 5.38. ముందు యాక్సిల్‌ల ఏది ఉంటే వెనక కూడా అదే ఉండాలె. తేడా ఉంటే ఫోర్ వీల్ వేసినప్పుడు ముందు చక్రాలు ఒక వేగం అడుగుతయి, వెనక చక్రాలు ఇంకో వేగం అడుగుతయి. బురదల అయితే టైరు జారి సర్దుకుంటది. గట్టి నేల మీద గేర్లు పట్టేసుకొని ఏదో ఒకటి విరుగుతది. మీ బండి రేషియో మీరే చూసుకోవచ్చు. గేర్ న్యూట్రల్‌ల, ఫోర్ వీల్ తీసేసి, మిగిలిన చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టి, వెనక ఒక్క చక్రమే లేపి దాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. అంతల ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగితే అదే రేషియో.

ఇంకొకటి, పాత జీపుల్ల వెనక డిఫరెన్షియల్ గుండు నడుమ ఉండది, ఒక పక్కకు జరిగి ఉంటది. లారీది వేరే తీరు. అది పెడితే ప్రొపెల్లర్ షాఫ్ట్ ఏటవాలుగ తిరిగి క్రాసులు తింటది. కమాన్ పట్టీల సీట్లు కోసి మళ్ల వెల్డింగ్ కొట్టాలె, ఆ వేడికి హౌసింగే వంగొచ్చు. లారీ డ్రమ్ముకు చాలినంత ఆయిలు మన మాస్టర్ సిలిండర్ తొయ్యలేదు. గుండు పెద్దది కాబట్టి కిందికి వేలాడి ఒడ్డుకు తాకుతది. బలం కోసం తెచ్చిన యాక్సిల్‌తోని జీపు ఒడ్డు దాటకపోతే ఇంక దేనికి?

ఈ లెక్క కూడా చూడండి. ఇంజిన్ టార్క్ 120 న్యూటన్ మీటర్లు, మొదటి గేర్ 4, లో గేర్ 2.5 అనుకుందాం. పినియన్ దగ్గరికి వచ్చేసరికి 1200 అయితది, 5.38తోని గుణిస్తే 6456. అందులో సగం ముందుకు పోయినా మిగిలింది తక్కువేం కాదు. వెనక యాక్సిల్ ఒక్కటే ఇనుప గుండె చేస్తే, ఆ జోరు పోయి క్రాసు మీదనో గేర్ బాక్స్ మీదనో పడతది. షాఫ్ట్ కంటే గేర్ బాక్స్ చాన పిరం.

కాయిదాల సంగతి కూడా ఉన్నది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకు తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 జనవరిల సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. అదే ఏడాది చట్టం మార్చినప్పుడు యజమానికి ఒక్కో మార్పుకు 5000 రూపాయల జుర్మానా, లేదంటే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని పెట్టిండ్రు. యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ కంపెనీకి సాకు దొరుకుతది.

నేను కాకాకు ఇవన్నీ చెప్పలే, విరిగిన ముక్క చేతుల పెట్టిన. విరిగిన మొఖం మీద సగానికి పైగ నున్నగ, నల్లగ, చెట్టు మొద్దుల ఉండే వలయాల లెక్క గీతలున్నయి. మిగిలింది బరకగ, కొత్త ఇనుము మెరుపుతోని ఉన్నది. ఒక్క గుంజుడుకు విరిగిన షాఫ్ట్ అట్ల ఉండది. ఎన్నో రోజుల సంది పగులు మెల్లగ లోపలికి పోతున్నదన్నట్టు. హౌసింగ్ ఇప్పించి లేతు మీద పెట్టిస్తే ఎడమ కొన వంగి కనపడ్డది. బస్తాల బరువు వంచింది. వంగిన గొట్టంల షాఫ్ట్ తిరిగిన ప్రతి చుట్టుకూ వంగి లేస్తది, ఇనుప తీగను అటు ఇటు వంచి తెంపినట్టే. అదే హౌసింగ్‌ల ఎంత మంచి షాఫ్ట్ వేసినా ఏడాది తిరగకముందే మళ్ల విరిగేది.

ఆఖరికి అదే రకం జీపుది, వంగని హౌసింగ్ ఒకటి తెచ్చినం. క్రౌన్ పినియన్ మాదే వేయించినం. విరిగింది ఒక్కటే కాకుండా రెండు షాఫ్ట్‌లు, బేరింగులు, సీళ్లు అన్నీ కొత్తయి. కుడి పక్క పాత షాఫ్ట్ కూడా అదే బరువు మోసింది కదా. సెమీ ఫ్లోటింగ్ భయం దీనితోని పూర్తిగ పోలేదు, ఆ మాట కాకాకు కూడా చెప్పిన. అందుకే బస్తాలున్నప్పుడు మనుషులు ఎక్కొద్దు, మనుషులున్నప్పుడు బస్తాలు ఎక్కొద్దు అని అనుకున్నం. వానాకాలం ముందు ఒకసారి, పత్తి అయినంక ఒకసారి డ్రమ్ములు ఇప్పి బేరింగు ఆట చూస్తం.

కాకా ఇంకా పూర్తిగ ఒప్పుకోలేదు. బస్తాలు ట్రాక్టర్‌ల తేవాలంటే కిరాయి అయితదని గునుస్తున్నడు. యాడి మాత్రం బస్తాలున్న జీపు ఎక్కుత లేదు, నడిచే వస్తున్నది.