మోటుపల్లి సుంకపు కంబము

గడచిన సంక్రాంతి సెలవులలో మేము పిల్లలతో గూడ మోటుపల్లికి బోయితిమి. చినగంజాములో రైలు దిగి పోవుచుండగా ఉప్పుమళ్లును, ఎండలో మెరయు ఉప్పుకుప్పలును గానవచ్చెను. నేటి బాపట్ల జిల్లాలోని ఈ చిన్న గ్రామము ఒకప్పుడు కాకతీయుల రేవుపట్టణమని చెప్పగా పిల్లలు నమ్మరైరి. సముద్రమును ఊరికి దవ్వుగానే యున్నది.

వీరభద్రాలయ మండపమున నొక శిలాస్తంభము గలదు. కాకతి గణపతిదేవ చక్రవర్తి శాలివాహన శకము 1166, అనగా క్రీ. శ. 1244-45లో, ఓడ వర్తకులకు నొసంగిన అభయశాసన మిదియే. లిపి ప్రాచీనమగుటచే ముద్రితప్రతిని చేత బట్టుకొని చదువుకొంటిమి. కొంత సంస్కృతము, కొంత తెలుగు.

దాని భావము మా హృదయమును గదల్చినది. పూర్వరాజులు, తుపానున జిక్కి పగిలి యొడ్డునకు గొట్టుకొనివచ్చిన ఓడలలోని బంగారము, ఏనుగులు, గుఱ్ఱములు మున్నగు సర్వస్వమును బలాత్కారముగా గైకొనుచుండిరట. ప్రాణము కంటె ధనమే మిన్నయని యెంచి సముద్రయానమునకు దెగించిన వారిపై దయదలచి, నియతమైన సుంకము దక్క తక్కిన దంతయు వారికే విడుచుచున్నానని గణపతిదేవుడు పలికెను. ఎగుమతి దిగుమతులపై ముప్పదింట నొకపాలు సుంకము. "ముప్పది బస్తాలకు నొక బస్తా" యని మావారు పిల్లలకు లెక్క చెప్పిరి. ఓడ మునిగిన వార్తతోపాటు సరకును రాజు గొనిపోయెనన్న వార్తయు వినవలసిన యిల్లాండ్ర గతి యేమై యుండెనో యని మేము తలపోసితిమి.

శాసనమున బేర్కొనబడిన సరకులు గంధము, చీనికర్పూరము, ముత్యములు, పన్నీరు, దంతము, పట్టునూలు, పగడములు, మిరియములు, పోకలు. వీనిలో పెక్కులు నేటికిని మన పూజామందిరములందును, వంటయిండ్లందును గలవు. అంగడిలో మనము కొను ప్రతి పలుకు కర్పూరము వెనుకను సుంకపు లెక్క యొకటి యుండుట నాటినుండియు గలదన్నమాట.

ఆ శతాబ్దపు చివర మార్కోపోలో అను వెనీసు వర్తకుడు ఈ రేవును ముత్ఫిలి యని పేర్కొని, ఇచ్చటి వస్త్రములు సాలెగూటివలె సన్ననివని మెచ్చెను. దేశమేలు రాణిని గూడ గొనియాడెను గాని, ఆమె రాజుగారి వితంతువని పొరబడెను. ఆమె గణపతిదేవుని కూతురు రుద్రమదేవియే.

1358లో కొండవీటి అనపోతారెడ్డియు నిచ్చట వర్తకులకు శాసనము వేయించి అపుత్రికదండమును మాన్పెను. కొడుకులు లేక మరణించిన వర్తకుని సొత్తును రాజు గైకొనుటయే ఆ దండము. సోదరీమణులారా! ఈ యొక్కమాట యెందరి స్త్రీల కన్నీరు తుడిచెనో యూహింపుడు.

సుంకము గొన్న ప్రభువుల వ్రాతలు రాతిపై నిలిచినవి. చెల్లించిన వర్తకుల చిట్టాలు మాత్రము నశించినవి. మా మాతామహులకు చిల్లర యంగడి యుండెడిది. ఆయన జమాఖర్చుల పుస్తకముల కాగితములు చించి ఊరగాయ జాడీలకు మూతలు గట్టినది మేమే. ఆ యపరాధము మోటుపల్లిలో గాని మాకు దెలియలేదు. మీ యిండ్ల అటకలపై నట్టి పుస్తకములున్నచో పొయ్యిలో వేయకుడు. దులిపి, పొడిబట్టలో గట్టి, భద్రముగా దాచుడు.