రెండడుగుల చదును

పుదుచ్చేరి సముద్రపుటొడ్డున, పొద్దున్న ఆరున్నరకి, ఒక రాతి బల్ల ముందు మా బావ మోకాళ్ల మీద కూర్చున్నాడు. దూరం నుంచి చూసేవాళ్లకి ఉదయభానుడికి మొక్కుతున్నాడనిపించి ఉండాలి. బల్ల మీద రబ్బరు షీటు, షీటు మీద ఎనిమిది నెలల మా మేనకోడలు. దాని రెండు కాళ్లూ కలిపి ఎడంచేత్తో పైకెత్తి పట్టుకున్నాడు. కొత్త డైపరు పళ్ల మధ్య ఉంది. కుడిచెయ్యి తడి వైప్స్ పాకెట్టు కోసం తడుముతోంది కానీ, అది అప్పటికే గాలికి లేచి గాంధీ విగ్రహం వైపు దొర్లుకుంటూ పోతోంది. నడకకు వచ్చిన ఒక పెద్దాయన చేతికర్రతో దాన్ని ఆపి, వంగి తీసి, తెచ్చిచ్చి, ఏమీ జరగనట్టు తన నడక తాను సాగించాడు.

సాయంత్రం ఆరు నుంచి పొద్దున్న ఏడున్నర దాకా ఆ రోడ్డు మీదికి బళ్లు రానివ్వరు. అందుకే బావకి అంత ధైర్యం. విగ్రహం చుట్టూ ఉన్న రాతి స్తంభాలు దేశింగురాజు ఏలిన చెంజి నుంచి తెచ్చినవి. కొంచెం అవతల 1836 నాటి పాత దీపస్తంభం, ఫ్రెంచి సైనికుల స్మారకం, ఫ్రెంచి కౌన్సులేటు. అన్నీ చూశాను. కానీ పసిపిల్లతో తిరిగేవాడికి ఊరు వేరేగా కనిపిస్తుంది. ఇంత ఎత్తున, ఇంత వెడల్పున, పిల్ల దొర్లి పడకుండా ఉండే రెండడుగుల చదునైన చోటు ఎక్కడుందా అని కళ్లు వెతుకుతుంటాయి. ఆవపిండి రంగు పూసిన అందమైన గోడ కనిపిస్తే దాని కింద అరుగు ఉందా అని చూస్తాం. ఫ్రెంచివాళ్లు ఆ ఊరికి బాల్కనీలిచ్చారు, బుగన్‌విలియాలు ఎగబాకే ప్రహరీలిచ్చారు, నీలం పలకల మీద వీధి పేర్లిచ్చారు. అరుగులు మాత్రం తమిళుల వీధుల్లోనే ఉన్నాయి. ఆ వీధులకీ తెల్లవాళ్ల వీధులకీ మధ్య అప్పటి మురుగు కాలువ ఒకటి ఇంకా ఉంది.

ముందురోజు మధ్యాహ్నం ఒక కాఫీ హోటల్లో (పేరెందుకులెండి, మరో పది హోటళ్లలోనూ ఇదే కథ) చెల్లెలు పిల్లని ఎత్తుకుని ఆడవాళ్ల గదిలోకి వెళ్లి, వెళ్లినంత వేగంగానూ బయటికి వచ్చింది. లోపల ఒక కమోడు, ఒక సింకు, నేలంతా తడి. మగవాళ్ల గదిలోనూ అంతే, కాకపోతే సింకు ఇంకా చిన్నది. కుర్రాడు వినయంగా స్టోర్ రూములో పేర్చిన అట్టపెట్టెలు చూపించాడు. ఆ పెట్టెల మీద పని కానిచ్చాం. నూటపాతిక రూపాయల కాఫీ అందించే చోట గోడకి ఒక మడత బల్ల తగిలించడానికి ఏమడ్డం వచ్చిందో నాకు తెలియదు. చెల్లెలికి మాత్రం తెలుసు: "ఆ బాత్రూములు కట్టించినవాడెవడూ ఎప్పుడూ పిల్లకి కడిగి ఉండడన్నయ్యా."

ఇది మన ఒక్కరి జబ్బు కాదు. అమెరికాలో 2016 అక్టోబరులో ఒబామా సంతకం పెట్టిన చట్టం వచ్చేదాకా, జనం వచ్చిపోయే కేంద్ర ప్రభుత్వ భవనాల్లో మగవాళ్ల బాత్రూముల్లోనూ పిల్లల బల్ల ఉండాలన్న నియమమే లేదు. ఆ తర్వాత రెండేళ్లకి ఫ్లోరిడాలో ఒక తండ్రి మగవాళ్ల బాత్రూములో గోడకి వీపు ఆనించి, గొంతుకూర్చుని, తన తొడలనే బల్లగా చేసి కొడుకు డైపరు మారుస్తున్న ఫొటో లోకమంతా తిరిగింది. బావ దాన్ని ఫోనులో దాచుకున్నాడు. నిరుత్సాహం కలిగినప్పుడు చూసుకుంటాడట.

ఇక అసలు కథ. అరవిందాశ్రమంలోకి మూడేళ్లలోపు పిల్లల్ని రానివ్వరు. సమాధి దగ్గర నిశ్శబ్దం పాటించాలి కాబట్టి ఆ నియమంతో నాకు పేచీ లేదు. మేనమామ అనేవాడు పుట్టిందే ఇలాంటి సందర్భాల కోసమని తీర్మానించి, చెల్లెలూ బావా పిల్లనీ దాని సంచీనీ నాకప్పగించి, ఫోన్లు ఆపేసి లోపలికి వెళ్లిపోయారు. "అరగంటే కదన్నయ్యా" అంది చెల్లెలు. నేను పిల్లని భుజానేసుకుని నీడ కోసం మణకుళ వినాయకుడి గుడి వీధిలోకి నడిచాను. లక్ష్మి అనే ఏనుగు ఏళ్ల తరబడి భక్తుల నెత్తిన తొండం పెట్టి దీవించింది అక్కడే. 2022 నవంబరులో అది చనిపోయినప్పుడు ఊరు ఊరంతా వెంట నడిచింది. ఆ సంగతి పిల్లకి చెబుతూ ఉండగా, నా మోచేతి మీద వెచ్చగా తగిలింది.

డైపరు పక్క నుంచి కారింది. తల్లిదండ్రులు లేరు. నాకు సిద్ధాంతం తెలుసు కానీ సాధన లేదు. సంచీ తెరిచి చూసి, మూసి, మళ్లీ తెరిచాను. పిల్ల ఏడుపు అందుకుంది. "అయ్యో బంగారం, ఆగమ్మా, ఆగు, మామయ్య చూస్తాడుగా" అంటున్నాను.

"ఏం నాయనా, ఆయి పోయిందా?"

గుడి ముందు గరికమాలలూ తామరలూ అమ్ముకునే ముసలమ్మ. నీలం టార్పాలిన్ కింద గోనెపట్టా మీద కూర్చుని ఉంది. తమిళ ఊళ్లో తెలుగు మాట వినపడేసరికి నోట మాట రాక తలూపాను.

"వాళ్లమ్మ యాడికి పోయినాది?"

"లోపలికెళ్లిందమ్మా, ఆశ్రమానికి."

"నీకు చేతగాదు. ఇట్లియ్యి."

తీసుకున్న పద్ధతిలోనే తేడా తెలిసిపోయింది. నేను పిల్లని పగిలిపోయే వస్తువులా పట్టుకుంటాను. ఆమె గుమ్మడికాయ అందుకున్నట్టు అందుకుంది. పూలబుట్ట పక్కకి నెట్టి, చీర మోకాళ్ల దాకా లాక్కుని, రెండు కాళ్లూ చాపి దగ్గరకి చేర్చింది. ఆ రెండు పిక్కల మధ్య ఏర్పడిన లోయలో పిల్ల బోర్లా అమరిపోయింది. మన అమ్మమ్మలు బాలింత ఇళ్లలో నలుగుపెట్టి నీళ్లుపోసింది ఈ కాళ్ల పీట మీదే. పట్టుకోనక్కర్లేదు, జారదు, ఎత్తు సరిపోతుంది, పని అయ్యాక మడిచేయొచ్చు. ఏ బాత్రూము గోడకీ తగిలించనక్కర్లేని బల్ల.

పూల మీద చల్లడానికి పెట్టుకున్న బకెట్లోంచి మూడు మగ్గుల నీళ్లు. మొదటిది పిల్ల వీపుకి పరిచయం చేస్తున్నట్టు నెమ్మదిగా పోసింది. పిల్ల ఏడుపు మధ్యలో ఆపి, కొత్తగా చూసింది. నీళ్లు వీధి వాలుగా కాలువలోకి పోయాయి. నా చేతిలోని వైప్స్ పాకెట్టు వైపు ఆమె ఒకసారి చూసి, "ఆ కాయితాలు నీ చెయ్యి తుడుచుకో" అంది. నిజమే, నా మోచెయ్యింకా అలాగే ఉంది.

"ఎర్రగా కందింది సూడు. పొద్దస్తమానం మూట గట్టి పెడితే కందదా? కొంచేపు గాలికి ఉండనియ్యి."

గాలికి ఉంచడమంటే ఊరికే ఉంచలేదు. పిల్లని తిప్పి, తన పాదాల మీద కూర్చోబెట్టి, చంకల కింద పట్టుకుని "ఉస్స్... ఉస్స్..." అంది. పది లెక్కపెట్టేలోపు సన్నని ధార వీధి అంచుకి పడింది. నేను నోరు తెరిచాను. ఎనిమిది నెలల్లో ఆ పిల్ల డైపరు బయట మూత్రం పోయగా చూసినవాళ్లు మా ఇంట్లో లేరు. ఉస్స్‌మన్నప్పుడు పొయ్యాలని పసివాళ్లకి అలవాటవుతుందని మన ఇళ్లలో అందరికీ తెలుసు, ఇప్పుడు ఎవరూ చెయ్యరు. చైనాలో దీనికోసమే అడుగున చీలిక ఉండే లాగులు కుట్టేవారు. అమెరికాలో ఈ విద్య మీద పుస్తకాలే వచ్చాయి.

ఇంతలో బేరాలు ఆగలేదు. పిల్ల పాదాల మీద ఉండగానే ముగ్గురికి గరికమాలలు అమ్మింది, చిల్లరిచ్చింది, ఒకాయనతో ధర దగ్గర తమిళంలో గట్టిగానే పోట్లాడింది. ఎవరూ ఇదేమిటన్నట్టు చూడలేదు. ఆమె తాతల కాలంలో వచ్చారట ఈ వైపు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, చదవడం రాయడం ఏదీ రాదు. యానాం తెలుసా అని అడిగాను. కాకినాడ పక్కన గోదావరి ఒడ్డున ఉన్నా యానాం పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే, అక్కడివాళ్లకి ఈ ఊరే రాజధాని. "ఆడనించి ఆఫీసు పనులకి వస్తా ఉంటారు. మీ మాదిరే మాట్లాడతారు, గబగబా" అంది.

చివరికి బుట్ట అడుగు నుంచి మెత్తగా నలిగిన పాత పంచె ముక్క తీసింది. ముక్కోణంగా మడిచి, కాళ్ల మధ్య నుంచి తెచ్చి, నడుం దగ్గర ఒక్క ముడి. గోచీ.

డబ్బివ్వబోతే తీసుకోలేదు. మొహమాటంకొద్దీ తామరలు కొన్నాను. వాటికి మాత్రం అణా తగ్గించలేదు.

గోచీగుడ్డకీ డైపరుకీ మధ్య దూరం పెద్దదేం కాదు, ఒక తరం. అమెరికాలో మేరియన్ డోనవన్ అనే తల్లి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన కొత్తలో, రాత్రుళ్లు పక్కబట్టలు మార్చలేక, స్నానాల గది ప్లాస్టిక్ తెర కత్తిరించి గుడ్డ మీద తొడిగే కవరు కుట్టింది. తయారీదారులు ఎవరూ పట్టించుకోకపోతే 1949లో న్యూయార్క్‌లోని ఒక పెద్ద దుకాణంలో తనే అమ్మకానికి పెట్టించింది. ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్‌లో పనిచేసే విక్టర్ మిల్స్ అనే తాతగారికి మనవల గుడ్డలంటే అసహ్యం. ఆయన బృందం చేసిన పాంపర్స్ 1961లో బయటికి వచ్చింది. 1980లలో లోపలి దూదిగుజ్జుకి ఒక పొడి తోడైంది. సోడియం పాలీఅక్రిలేట్. ఉత్త నీళ్లయితే తన బరువుకి వందల రెట్లు, ఉప్పున్న మూత్రమైతే పదుల రెట్లు పీల్చి జిగురుముద్దవుతుంది. పిల్ల పొడిగా ఉందనుకుంటాం. పిల్ల కూడా అలాగే అనుకుంటుంది. అందుకే ఏడవదు, అందుకే మనం మరిచిపోతాం, అందుకే కందుతుంది. ఇలా అంటున్నానని డైపరు పగవాణ్ణనుకోవద్దు. రాత్రి రెండింటికి లేచి పక్కబొంత మార్చిన ప్రతి తల్లికీ ఆ విక్టర్ మిల్స్ దేవుడే.

ఆశ్రమం నుంచి బయటికి వచ్చిన చెల్లెలు ముందు పిల్లని చూసింది, తర్వాత నా చేతిలోని తామరల్ని చూసింది. "అన్నయ్యా, ఈ గోచీ ఎవరు కట్టారు?" చెప్పాను. బావ ధ్యానంలో పొందిన శాంతి అంతా ఆ ముడి ఎలా వేశారో అర్థంచేసుకోవడంలో ఖర్చుచేశాడు.

నా రెండో చేతిలో వార్తాపత్రికలో చుట్టిన పాత డైపరు ఉంది. వాడిన డైపర్లని విడిగా చుట్టి పొడిచెత్త డబ్బాలో వెయ్యాలనీ, చుట్టడానికి సంచులు తయారీదార్లే ఇవ్వాలనీ 2016 నాటి ఘనవ్యర్థాల నియమాలు చెప్పాయి. పాకెట్టుతో పాటు అలాంటి సంచి వచ్చిన రోజు మా చెల్లెలికి ఇంకా రాలేదు. పుణెలో చెత్త ఏరేవాళ్ల సహకార సంఘం 'స్వచ్ఛ్', చుట్టిన పొట్లం మీద ఎర్రచుక్క పెట్టమని జనాన్ని అడిగింది. తెరవకుండానే లోపల ఏముందో తెలియాలని. నా దగ్గర ఎర్ర పెన్ను లేదు. పొట్లం పట్టుకుని భారతి పార్కులోకి నడిచాం.

పార్కు నడిమధ్య ఆయి మండపం. పుదుచ్చేరి ప్రభుత్వ ముద్రలో ఉండే తెల్లటి కట్టడం అదే. కథ మన విజయనగరం దాకా పోతుంది. శ్రీకృష్ణదేవరాయలు ఇటు వచ్చినప్పుడు దీపాలతో వెలిగిపోతున్న ఇల్లు చూసి గుడనుకుని మొక్కాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి పడగొట్టమన్నాడట. ఆమె తన ఇల్లు తనే పడగొట్టించి ఆ చోట చెరువు తవ్వించింది. కొందరు రాయల పేరు కాదు, ఆయన మంత్రి పేరు చెబుతారు. మూడో నెపోలియన్ కాలంలో ఫ్రెంచివాళ్లు ఆ చెరువు నీళ్లు పట్నానికి తెచ్చి, ఆమె పేరున ఈ మండపం కట్టారు. మొక్కినందుకు ఇల్లు కూల్చమన్న రాజు మీద నాకు పెద్ద గౌరవం కలగలేదు. ఆ పేరు పలికినప్పుడల్లా పూలమ్మ నన్నడిగిన మొదటి ప్రశ్న గుర్తొచ్చి నవ్వు కూడా వచ్చింది. తల్లి క్షమించాలి.

పక్కనే ఉన్న తమిళనాడులో 2015 ఆగస్టులో జయలలిత ప్రభుత్వం బస్టాండ్లలో పాలిచ్చే తల్లులకి గదులు తెరిచింది. బహిరంగ స్థలాల్లో ఇలాంటి వసతులు కల్పించాలన్న కేంద్రం సలహాని అమలుచెయ్యమని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో రాష్ట్రాలకి చెప్పింది. మంచిదే. కానీ పాలిచ్చే గది తలుపు మీద తల్లి బొమ్మ ఉంటుంది. మా బావలాంటివాడు పిల్లని పట్టుకుని దాని బయట నిలబడాలి, లేదా పొద్దున్నే సముద్రపుటొడ్డుకి పోవాలి.

పొట్లం చివరికి మా బసలోని చెత్తబుట్ట చేరింది. మర్నాడంతా ఆరోవిల్, ఎండ, తలనొప్పి.

తిరుగు ప్రయాణంలో, రైలు విళుపురం దాటాక పిల్ల కాళ్లు తన్నుకోవడం మొదలెట్టింది. రైల్వేవాళ్లు 2022లో లక్నో మెయిల్లో కింది బెర్తుకి తగిలించే పిల్లల బెర్తు ప్రయోగం చేశారని నేను చెబుతున్నాను. బావ వినడంలేదు. డైపరు విప్పేశాడు. బెర్తు మీద కాళ్లు చాపి దగ్గరకి చేర్చాడు. పిల్లని పాదాల మీద కూర్చోబెట్టి, కింద బేసిన్‌లాగా ఖాళీ టిఫిన్ డబ్బా పెట్టించి, "ఉస్స్..." అన్నాడు. పిల్ల ఆయన మొహంలోకి తేరిపార చూసింది. మళ్లీ "ఉస్స్..." ఎదుటి బెర్తు పెద్దావిడ కూడా గొంతు కలిపింది. పై బెర్తులోంచి ఎవరో తల వంచి చూశారు. చెంగల్పట్టు దగ్గరపడుతుండగా, ఇక లాభంలేదని బావ పిల్లని ఎత్తి భుజానేసుకున్నాడు.

చొక్కా తడిసింది. టిఫిన్ డబ్బాలో ఒక్క చుక్క పడలేదు.