మంచులోని వేడి

గురుగ్రహమును చుట్టి తిరుగు ఉపగ్రహములలో యూరోపా యొకటి. 1610వ సంవత్సరమున గెలీలియో దానిని దూరదర్శినితో కనుగొనెను. అది మన చంద్రునికంటె కొంచెము చిన్నది, పైభాగమంతయు మంచుగడ్డయే. సున్నకు 160 డిగ్రీల సెంటిగ్రేడు దిగువనున్న చలిలో ఆ మంచు రాయివలె గట్టిపడియున్నది. అయినను దాని క్రింద ఉప్పునీటి సముద్రము కలదని నమ్ముటకు బలమైన ఆధారములున్నవి. భూమిపై పడు సూర్యకాంతిలో ఇరువదియేడవ వంతు మాత్రమే అక్కడ పడును. మఱి ఆ నీరు గడ్డకట్టక ఎట్లు నిలిచినది?

ఇనుపతీగను పట్టుకొని అటునిటు పలుమారులు వంచినచో, వంపుచోట వేలికి చుఱుక్కుమనును. యూరోపా గతియు ఇట్టిదే. అది 85 గంటల కొకసారి గురుగ్రహమును చుట్టివచ్చును. దాని మార్గము సరియైన వృత్తము కాదు. గ్రహమునకు దగ్గఱైనపుడు ఆకర్షణ హెచ్చి మంచుపొర ఉబ్బును, దూరమైనపుడు అణగును. ఈ కదలికవలన వేడి పుట్టునని శాస్త్రజ్ఞులు ఊహించిరి. కాని ఎంత వేడి? ఆ లెక్క తప్పినచో సముద్రముయొక్క ఆయుర్దాయపు లెక్కయు తప్పును. 1979లో వాయేజరు నౌకలు పంపిన చిత్రములలో మంచుమీది గీతలు, పగుళ్ళు కనబడినవే గాని, ఈ ప్రశ్నకు చిత్రములు జవాబు చెప్పజాలవు.

అమెరికాలో క్రిస్టీన్ మెకార్తీ, రీడ్ కూపర్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలోనే మంచుముద్దను చేసి, యంత్రమున నుంచి, యూరోపాపై జరుగు తీరుననే నొక్కుచు వదలుచు వచ్చిరి. నొక్కిన క్షణముననే మంచు పూర్తిగా లొంగదు. కొంత ఆలసించి లొంగును. ఆ ఆలస్యమును కొలిచినచో, ఎంత శక్తి లోపల వేడిగా మాఱినదో తెలియును. ఉపాయము ఎంత సులువైనదో, అంత ముచ్చటైనది.

మంచు చిన్నచిన్న స్ఫటికరేణువుల కూర్పు. రేణువులు ఒకదానితో నొకటి రాచుకొనుటచేతనే వేడి పుట్టునని అంతవఱకు తలంచుచుండిరి. అదియే నిజమైనచో, రేణువుల పరిమాణము మార్చినపుడు వేడియు మాఱవలెను. మెకార్తీ ఆ పరిమాణమును చాల మార్చి చూచెను. ఫలితము ఇంచుమించు మాఱలేదు! వేడి ముఖ్యముగా పుట్టునది రేణువుల అంచులలో కాదు. నలుగుటచే స్ఫటికముల అమరికలోనే ఏర్పడు లోపములయందు. అదియు పూర్వపు అంచనాలకు ఇంచుమించు పదింతలు. ఈ ఫలితములు 2016లో వెలువడినవి.

ఆ సముద్రములో జీవులుండవచ్చునని కొందఱు ఆశించుచున్నారు. ఆశకు ముందు లెక్క కావలెను. మంచుపొర ఎంత మందమో తెలియవలెను. 2024 అక్టోబరులో బయలుదేరిన యూరోపా క్లిప్పర్ నౌక 2030లో గురుగ్రహమును చేరవలసియున్నది. అందలి రాడారు ఆ మంచులోనికి తరంగములను పంపి చూడనున్నది.