తాళాల గుత్తిలో మరో రెండు తాళాలు

ఇంట్లో నెట్ ఆగిపోతే ముందు ఎవరిని పిలుస్తారో చెప్పండి చూద్దాం! కంపెనీవాళ్ళనా? కాదు. "అమ్మా, నెట్ రావట్లేదు" అని పిల్లలు, "ఏమోయ్, నెట్‌కి ఏమయింది?" అని శ్రీవారు, అందరూ వంటింటి వైపే తిరుగుతారు. పాలు విరిగినా మనమే, పంపు రాకపోయినా మనమే, నెట్ రాకపోయినా మనమే! సరే, ఎలాగూ అది మన నెత్తి మీదకే వస్తున్నప్పుడు దాని సంగతేదో మనమే తెలుసుకుంటే పోలా?

పెళ్ళికి ముందు నేను విజయవాడలో ఒక ఇంటర్నెట్ కంపెనీలో నాలుగేళ్ళు పనిచేశాను. వినియోగదారుల ఫోన్లు ఎత్తి జవాబు చెప్పడం నా ఉద్యోగం. ఇళ్ళకి నెట్ ఇవ్వడమే కాక, వెబ్‌సైట్లకి చోటు అద్దెకివ్వడం కూడా ఆ కంపెనీ వ్యాపారం. పగటిపూట ఫోన్ చేసేవాళ్ళలో ఎక్కువమంది మనలాంటి ఇల్లాళ్ళే. రూలు ప్రకారం నేను అడగాల్సిన మొదటి ప్రశ్న, "కనెక్షన్ ఎవరి పేరు మీద ఉందండీ?"

"మావారి పేరు మీదండీ."

"రిజిస్టరయిన నంబరుకి ఓటీపీ వస్తుంది, చెప్తారా?"

"అది ఆయన ఫోనండీ. ఆయన డ్యూటీలో ఉన్నారు, ఎత్తరు."

అంతే! మాట అక్కడితో ఆగిపోయేది. అవతల పిల్లాడికి ఆన్‌లైన్ పరీక్ష ఉన్నా సరే, ఫిర్యాదు రాసుకోవడానికి నాకు అధికారం లేదు. ఇంట్లో ఉండేది ఆవిడ, బిల్లు గుర్తుపెట్టుకునేది ఆవిడ, వైరు వేసేవాడికి మంచినీళ్ళిచ్చి నిలబడి పని చేయించుకున్నదీ ఆవిడే. కాగితం మీద మాత్రం ఆవిడ ఎవరూ కాదు.

మన దేశంలో మామూలు జనానికి ఇంటర్నెట్ వచ్చింది 1995 ఆగస్టు 15న, వి.ఎస్.ఎన్.ఎల్. ద్వారా. అప్పట్లో టెలిఫోన్ తీగ మీదే వచ్చేది కాబట్టి నెట్ పెడితే ఫోన్ ఎంగేజ్! అప్పుడది అక్కరున్నవాళ్ళ వ్యవహారం. ఇప్పుడలా కాదుగా? గ్యాస్ బుకింగు, కరెంటు బిల్లు, పిల్లల హోంవర్కు, దూరాన ఉన్న కూతురి ముఖం చూడడం, అన్నీ దాని మీదే. అందుకే నేను ఎక్కువగా విన్న ప్రశ్నలు కొన్ని మీకూ చెప్తాను.

మొదటిది, "డబ్బా మీద ఎర్ర లైటు వెలుగుతోందండీ." ఇప్పుడు చాలా ఇళ్ళకి వస్తున్నది రాగి తీగ కాదు, వెంట్రుకంత సన్నని గాజు తీగ. అందులో వెలుతురు ప్రయాణం చేస్తుంది. డబ్బా మీద ఎల్.ఓ.ఎస్. అన్న చోట ఎర్రగా వెలిగితే, ఆ వెలుతురు మీ ఇంటిదాకా రావట్లేదని అర్థం. ఎన్నిసార్లు ఆపి వేసినా లాభం లేదు. టీవీ బల్ల వెనక ఊడుస్తున్నప్పుడు తీగ మడతపడిందేమో చూడండి. మడత లేకపోతే ఫోన్ చేసి "ఎల్.ఓ.ఎస్. ఎర్రగా ఉంది" అనండి. ఆ ఒక్కమాటతో అవతలివాళ్ళకి సగం పని తీరిపోతుంది. ఆ లైటు ఎర్రగా లేకుండా నెట్ రాకపోతే మాత్రం డబ్బాని ఒకసారి ఆపి, కాసేపాగి వెయ్యండి. ఒకటి గుర్తుంచుకోండి. తెగిన గాజు తీగ కొసని చేత్తో పట్టుకోకూడదు, కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదు. పిల్లల్ని కూడా దగ్గరికి రానివ్వకండి.

రెండోది, "వంద స్పీడన్నారు, పన్నెండే వస్తోంది. మోసం కాదూ?" మోసం కాదండీ, కొలత తేడా. కంపెనీవాళ్ళు చెప్పే వంద మెగాబిట్లు. ఫోన్‌లో సినిమా దిగుతున్నప్పుడు కనిపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. అమ్మమ్మల కాలపు లెక్కలో చెప్పాలంటే ఎనిమిది గిద్దలు ఒక తవ్వ కదా, సరిగ్గా అంతే. వందని ఎనిమిదితో భాగిస్తే పన్నెండున్నర. వాళ్ళు గిద్దల్లో చెప్తున్నారు, మనం తవ్వల్లో చూస్తున్నాం!

"హాల్లో బాగానే వస్తుంది, వంటింట్లో రాదు." ఇది మూడోది. వైఫైలో సాధారణంగా 2.4, 5 అని రెండు రకాలుంటాయి. 2.4 గోడలు దాటి దూరం వెళుతుంది గానీ నెమ్మది. 5 వేగంగా ఉంటుంది గానీ గోడ అడ్డొస్తే నీరసపడిపోతుంది. వంటింట్లోకి 2.4 పెట్టుకోండి. అయితే మైక్రోవేవ్ ఓవెన్ పనిచేసేదీ దాదాపు ఆ 2.4 దగ్గరే. కూర వేడి చేస్తున్నంతసేపూ వీడియో ఆగి ఆగి వస్తే కంగారుపడకండి. డబ్బాని ఇనప బీరువా పక్కన, చేపల తొట్టి వెనక దాచకండి. ఇంటి మధ్యలో, కాస్త ఎత్తున పెట్టండి. కరెంటు పోయినప్పుడు కూడా కావాలంటే డబ్బాకి సరిపోయే చిన్న యూపీఎస్‌లు దొరుకుతాయి.

నాలుగోది డబ్బు సంగతి. "499 అని చెప్పి 589 వేశారు." 18 శాతం జీఎస్టీ కలిపితే 588 రూపాయల 82 పైసలవుతుంది, లెక్క సరే. కానీ చేరేముందు అడగాల్సినవి వేరే ఉన్నాయి. వైరు వేసినందుకు ఎంత? డిపాజిట్ తిరిగిస్తారా? డబ్బా మనదా, వాళ్ళదా? అన్‌లిమిటెడ్ అంటున్నారే, ఎంత వాడాక స్పీడు తగ్గిస్తారు? కనెక్షన్ తీసేసిన రోజున డబ్బా వాళ్ళది అయితే తిరిగిచ్చి రసీదు తీసుకోండి. కూరగాయలవాడి దగ్గర కొసరు అడిగేవాళ్ళం, ఇక్కడ నోరెత్తకపోతే ఎలా?

ఫిర్యాదు చేస్తే డాకెట్ నంబరు ఇచ్చి తీరాలని ట్రాయ్ 2012లో నిబంధన పెట్టింది. రాసుకోండి. వాళ్ళ పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలో అప్పీలు చేసుకోవచ్చు, దానికి రుసుము లేదు. అలాగే "మీ నెట్ కట్ చేస్తున్నాం, ఓటీపీ చెప్పండి" అని ఎవరైనా వాళ్ళంతట వాళ్ళే ఫోన్ చేస్తే పెట్టెయ్యండి. పొరపాటున డబ్బు పోతే ఆలస్యం చెయ్యకుండా 1930కి చెప్పండి.

ఇక వెబ్‌సైట్ల మాట. "మాకెందుకమ్మా?" అనుకోకండి. పచ్చళ్ళు, పొడులు, బ్లౌజుల కుట్టుపని, మగ్గం వర్కు, ఇంట్లోనే వ్యాపారం చేసుకునేవాళ్ళు మనలో ఎంతమంది లేరు? వాళ్ళడిగే మొదటి ప్రశ్న, "ఇంట్లో నెట్ ఉందిగా, మళ్ళీ హోస్టింగ్‌కి డబ్బెందుకు?" ఇంటి నెట్ అంటే బజారుకి వెళ్ళే దారి. హోస్టింగ్ అంటే బజార్లో అద్దె కొట్టు. కరెంటు పోయినా, మనం నిద్రపోయినా ఆ కొట్టు తెరిచే ఉండాలి. మరి డొమైన్ అంటే? కొట్టు మీద బోర్డు, అంటే మన వెబ్‌సైట్ పేరు. కొట్టుకో అద్దె, బోర్డుకో అద్దె. రెండింటినీ గడువులోగా రెన్యువల్ చేయించుకోవాలి. మొదటి ఏడాది చవగ్గా ఇచ్చి, రెండో ఏడాది ధర పెంచేవాళ్ళున్నారు. రెన్యువల్‌కి ఎంతో ముందే అడగండి.

ఇక్కడే మా పెద్దాడపడుచు సంగతి చెప్పాలి. ఆవిడ చేసే కందిపొడి, కరివేపాకు పొడి తింటే వదిలిపెట్టరు. ఎవరో కుర్రాడు వెబ్‌సైట్ చేసిపెట్టాడు. మంచివాడే. డొమైన్ మాత్రం తన పేరు మీద, తన ఈమెయిల్‌తో తీసుకున్నాడు. మూడేళ్ళు బాగానే నడిచింది. తర్వాత అతను ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్ళిపోయాడు. గడువు దగ్గరపడుతోందన్న హెచ్చరికలన్నీ అతను చూడని మెయిల్‌కి వెళ్ళాయి. గడువు దాటింది. కొన్నాళ్ళకి ఆ పేరు ఇంకెవరో కొనుక్కున్నారు. పొట్లాల మీద, సంచుల మీద అచ్చువేయించిన పేరు! పాత ఖాతాదారులు ఆ చిరునామాకి వెళితే ఏదో సంబంధంలేని బొమ్మ. వదిన కొత్త పేరు పెట్టి మళ్ళీ మొదలెట్టింది గానీ, బెంగుళూరు, హైదరాబాదు నుంచి నెలనెలా తెప్పించుకునేవాళ్ళు చాలామంది తిరిగి రాలేదు.

"పొడి నాది, చెయ్యి నాది, పేరు నాది కాదట వదినా" అంది. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

చూశారా? కనెక్షన్ విషయంలోనైనా, వెబ్‌సైట్ విషయంలోనైనా చివరికి అన్ని ప్రశ్నలూ ఆ ఒక్క ప్రశ్న దగ్గరికే వస్తున్నాయి. ఎవరి పేరు మీద ఉంది? ఇది మొగుడూపెళ్ళాల మధ్య పోటీ కాదు, మంచి కుర్రాడి మీద అనుమానమూ కాదు. బీరువా తాళాలు నడుముకి దోపుకుని తిరిగిన ఆడవాళ్ళ మనవరాళ్ళం మనం. ఇవి మరో రెండు తాళాలు, అంతే.

అందుకని ఈ వారంలో ఓ అరగంట తీరిక చేసుకోండి. కంపెనీకి ఫోన్ చేసి మీ నంబరు కూడా చేర్చుకోమనండి. కుదరదంటే కనెక్షన్ మీ పేరు మీదకి మార్చడానికి ఏ కాగితాలు కావాలో అడగండి. డొమైన్ మీ పేరుతో, మీరు రోజూ చూసే మెయిల్‌తో ఉందో లేదో కనుక్కోండి. పాల లెక్క రాసుకునే పుస్తకం చివరి పేజీలో కస్టమర్ నంబరు, బిల్లు తేదీ, డొమైన్ గడువు తేదీ రాసిపెట్టండి. పాస్‌వర్డ్ మాత్రం అందులో రాయకండేం! పనమ్మాయి నుంచి చుట్టాల పిల్లల దాకా అందరూ తిరగేసే పుస్తకం అది.