ఇంటికి మేడ ఉందా?

మా ఇంట్లో సెలవుల ప్రయాణం అంటే బయల్దేరడానికి ఆరు నెలల ముందే రభస మొదలవుతుంది. ఈసారీ మామూలుగానే మొదలై, మధ్యలో నేను అనుకోని చోటికి వెళ్ళి, చివరికి నిన్న రాత్రి పదకొండింటికి బుకింగ్ బటన్ నొక్కడంతో ముగిసింది. ఆ మధ్యలో జరిగింది మర్చిపోకముందే రాసుకోవాలనిపించింది.

ఈ వేసవికి అత్తయ్య, మామయ్యగారు మొదటిసారి మా దగ్గరికి, ఆమ్‌స్టెల్వేన్‌కి వస్తున్నారు. మేం నెదర్లాండ్స్ వచ్చి తొమ్మిదేళ్ళయింది. ఏటా మేం పిలవడం, వాళ్ళు ఏదో ఒక వంక చెప్పడం. ఈ ఏడు ఎందుకో ఊఁ అన్నారు. ప్రయాణానికి ఆరు నెలలకన్నా ముందు వీసా దరఖాస్తు తీసుకోరు కాబట్టి జనవరి దాకా ఆగి, మా ఆహ్వాన పత్రం, 30 వేల యూరోలకి తగ్గని వైద్య బీమా, బ్యాంకు కాగితాలు అన్నీ సిద్ధం చేశాం. వీసాలు వచ్చేశాయి. 90 రోజులు ఉండొచ్చు.

మరి వచ్చినవాళ్ళని ఎక్కడికి తీసుకెళ్ళాలి? పారిస్, స్విట్జర్లాండ్ అని మా వారు మొదలుపెడితే, "బస్సు దిగు, ఫోటో దిగు, బస్సెక్కు... అదంతా నా వల్ల కాదురా. ఒక్కచోట కూర్చోబెట్టు చాలు" అన్నారు మామయ్యగారు. సరే, ఒక్క చోటు, నాలుగు రాత్రులు అనుకున్నాం.

పదేళ్ళ మా వాడికి సముద్రం కావాలి. జీలాండ్ తీరంలో ఇసుక మీదే వరసగా చెక్క ఇళ్ళుంటాయి, రాత్రి అందులోనే పడుకోవచ్చు. వాళ్ళ క్లాసులో ఎవరో వెళ్ళొచ్చారట, అది మొదలు వీడికి అదే ధ్యాస. అమ్మాయికి డోంబర్గ్ కావాలి. అదే జీలాండ్‌లో చిన్న సముద్రపు ఊరు. గళ్ళగళ్ళ బొమ్మల మోండ్రియాన్ లేడూ, ఆయన ఆ గళ్ళలోకి రాకముందు కొన్ని వేసవులు అక్కడికి వెళ్ళి ఇసుక దిబ్బలూ, చర్చి గోపురమూ, సముద్రమూ గీశాడట. దీనికి పదిహేనేళ్ళు, చేతిలో ఎప్పుడూ స్కెచ్ పుస్తకం. ఇద్దరికీ ఒకే తీరం కుదిరింది కదా అని నేను సంబరపడ్డాను.

ఇక్కడ బళ్ళకి వేసవి సెలవులు ఆరు వారాలు. దేశాన్ని మూడు భాగాలు చేసి ఒక్కో భాగానికి ఒక్కో తేదీన మొదలుపెడతారు, అందరూ ఒకేసారి రోడ్ల మీద పడకుండా. సెలవులు మొదలవకముందు పిల్లల్ని బడి మానిపిస్తే జరిమానా. కాబట్టి రేట్లు మండిపోయే రోజుల్లోనే మనమూ వెళ్ళాలి. పైగా ఆ తీరానికి జర్మనీ వాళ్ళు కూడా కార్లేసుకుని వచ్చేస్తారు. ఇళ్ళు మనకి నచ్చిన రోజు నుంచి ఇవ్వరు, సోమవారం నుంచి శుక్రవారం, లేదా శుక్రవారం నుంచి సోమవారం, లేదా వారం మొత్తం. మొదటి పేజీలో రేటు చూసి "ఫరవాలేదే" అనుకుంటామా, చివరి పేజీకొచ్చేసరికి దుప్పట్లకి వేరే, తువ్వాళ్ళకి వేరే, వెళ్ళేటప్పుడు శుభ్రం చేసినందుకు వేరే, తలకి రాత్రికి ఇంత అని ఊరి వారి పన్ను వేరే. దుప్పట్లు మనమే మోసుకెళ్దాం అన్నాను. కారులో అయిదుగురే పడతారు, మేం ఆరుగురం, దుప్పట్లు ఎవరి నెత్తిన పెడతావ్ అన్నారు మా వారు. దానికి పరిష్కారం మామయ్యగారే చెప్పారు. ఆయనకి రైలంటే ప్రాణం. ఆయనా, మనవడూ, మా వారూ మిడిల్‌బర్గ్ దాకా రైల్లో, అక్కడినుంచి బస్సులో. నేను కారు నడుపుతాను. కుక్కర్, పోపుల డబ్బా, గోంగూర పచ్చడి నాతో. ఆ ఇళ్ళలో ఇండక్షన్ పొయ్యిలే ఉంటాయి, మా అల్యూమినియం కుక్కర్ దాని మీద పనిచెయ్యదు కాబట్టి స్టీలుది కొనాలి. అదీ జాబితాలో రాశాను.

అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు. అందుకని కింద పడకగది, కిందే స్నానాలగది ఉన్న ఇల్లు కోసం వారం రోజులు వెతికాను. దొరికింది. ఇసుక దిబ్బని ఆనుకుని ఒకే అంతస్తు, గుమ్మం దగ్గర మెట్టు కూడా లేదు. వాకిట్లోంచి నాలుగడుగులేస్తే సముద్రం. ఆదివారం వీడియో కాల్‌లో గొప్పగా ఫోటోలు చూపించాను.

మామయ్యగారు "బాగుందమ్మా" అన్నారు. అత్తయ్య ఏమీ అనలేదు. కాసేపాగి, "సముద్రం ఎంత దూరం?" అంది.

"పక్కనే అత్తయ్యా! రాత్రి పడుకుంటే హోరు వినిపిస్తుందట."

మళ్ళీ కాసేపు ఏమీ లేదు. ఫోన్ ఆగిపోయిందేమో అనుకున్నాను.

"ఇంటికి మేడ ఉందా?" అంది.

"మీ మోకాళ్ళ కోసమే కదా, మేడ లేనిది వెతికాను" అన్నాను నవ్వుతూ. ఆవిడ నవ్వలేదు. "సరేలే అమ్మాయ్, పొయ్యి మీద పాలున్నాయి" అని లేచి వెళ్ళిపోయింది.

నాకు అర్థం కావడానికి ఒక పూట పట్టింది. అంట్లు తోముతుంటే తట్టింది, చేతిలో గిన్నె అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

అత్తయ్యది దివిసీమ. నాగాయలంక దగ్గర పల్లె. నా పెళ్ళయిన కొత్తలో ఎవరో చెప్పారు, "ఆవిడకో తమ్ముడుండేవాడు, ఉప్పెనలో పోయాడు" అని. జ్వరంతో పోయాడు అన్నట్టే చెప్పారు, నేనూ అలాగే విన్నాను. గోడ మీద ఫోటో కూడా లేదు. ఫోటోలుండే ఇల్లే పోయింది కదా మరి, ఆ మాత్రం నాకు తట్టలేదు.

తట్టాల్సినవి ఇంకా ఉన్నాయి. అవనిగడ్డలో ఇల్లు కట్టుకున్నప్పుడు వంటింటికి సున్నం కూడా వేయించకుండా, అప్పు చేసి మరీ మేడ మీద గది వేయించిందట అత్తయ్య. ఇంట్లో అందరూ దాన్ని ఒక హాస్యంగా చెప్పుకుంటారు, నేనూ చాలాసార్లు నవ్వాను. ఓసారి అందరం హంసలదీవి వెళ్ళాం. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూద్దామని మేమంతా ముందుకెళ్తే, ఆవిడ వేణుగోపాలస్వామి గుడి దగ్గరే ఉండిపోయింది. మోకాళ్ళ నొప్పులేమో అనుకున్నాను. అప్పటికి ఆవిడకి మోకాళ్ళ నొప్పులే లేవు.

మా వారితో చెప్తే ఆయన ముఖం వాడిపోయింది. "అమ్మ మాతో ఎప్పుడూ చెప్పలేదు. మేమూ అడగలేదు" అన్నారు. సముద్రం వద్దు, దక్షిణాన కొండలున్న వైపు వాల్కెన్‌బర్గ్ వెళ్దాం అన్నారు. ఆ ఊరు చూశాను. 2021 జూలైలో వరదొచ్చి వీధులు మునిగిన ఊరది. ఈ దేశంలో నీళ్ళని తప్పించుకుని ఎక్కడికెళ్తాం?

ఆ రాత్రి నిద్రపట్టక జీలాండ్ గురించి చదువుతూ కూర్చున్నాను. అప్పటిదాకా ఇళ్ళ రేట్లే చూశాను తప్ప ఆ ఊళ్ళ కథ చూడలేదు. 1953 జనవరి 31, శనివారం రాత్రి. పున్నమి పోటుకి వాయవ్యపు గాలివాన తోడై సముద్రం కరకట్టలు తెంచుకుని జీలాండ్, ఆ చుట్టుపక్కల దీవుల మీద పడింది. జనం నిద్రలో ఉన్నారు. అటకలెక్కినవాళ్ళు, అక్కడినుంచి పైకప్పులెక్కినవాళ్ళు కొందరు బతికారు. ఈ ఒక్క దేశంలోనే 1836 మంది పోయారు. మన దివిసీమ ఉప్పెన 1977 నవంబర్ 19. అదీ శనివారమే. దాదాపు 10 వేల మంది పోయారని లెక్క.

'దివి' అంటే ద్వీపం అని డిగ్రీలో చదువుకున్నాను. జీలాండ్ అంటే సముద్రపు నేల. అదీ దీవుల గుంపే. రెండు చోట్లా నది తెచ్చిన మట్టి మీద మనుషులు ఊళ్ళు కట్టుకున్నారు. సముద్రానికి దేవుడు గీసిన హద్దుని మనవాళ్ళు చెలియలికట్ట అన్నారు. విశ్వనాథవారి నవల పేరుగా మాకు ఆ మాట పరిచయం, దాటకూడని హద్దు అని లెక్చరర్ వివరించారు. సముద్రం దాన్ని దాటిన రోజున ఊళ్ళో ఎలా ఉంటుందో మాత్రం ఆ క్లాసులో ఎవరూ చెప్పలేదు.

మర్నాడు మా వారు ఆఫీసుకెళ్ళాక అత్తయ్యకి నేనే ఫోన్ చేశాను. ముందు క్షమించమన్నాను. "నువ్వేం చేశావే పిచ్చిదానా" అంది. తరవాత నేను అడగకుండానే చెప్పడం మొదలుపెట్టింది. అప్పుడు తనకి పదిహేడేళ్ళు. పొద్దు గుంకకముందే చీకటైపోయిందట. నీళ్ళు నల్లగా గోడలా వచ్చాయట. వాళ్ళ ఊళ్ళో మేడ ఒకటే ఉండేది. తను చేరింది. వెనకే చెయ్యి పట్టుకుని వస్తున్న తమ్ముడు చేరలేదు. వాడికి తొమ్మిదేళ్ళు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పిల్లవాడి పేరు విన్నాను.

ఏం అనాలో తెలియక, ఏదో ఒకటి మాట్లాడాలని, రాత్రి చదివిందంతా చెప్పేశాను. శ్రద్ధగా వింది.

"మరి వాళ్ళు ఊళ్ళొదిలి పోలేదా?"

"లేదత్తయ్యా, అక్కడే ఉన్నారు. గోడలు కట్టుకున్నారు."

"మేమూ పోలేదుగా" అంది.

ఆ గోడల గురించి అడిగింది. ఆ ఉప్పెన తరవాత కొద్ది వారాల్లోనే కమిటీ వేసి, దశాబ్దాల పాటు ఒక్కొక్క నదీముఖాన్నీ కట్టలతో మూసుకుంటూ వచ్చారనీ, ఒక్కచోట మాత్రం మూసేస్తే ఉప్పునీళ్ళు ఆగి మా చేపలూ గుల్లలూ చచ్చిపోతాయని జాలర్లు గొడవపెట్టారనీ, అందుకని అక్కడ గోడ బదులు 62 ఉక్కు తలుపులు పెట్టారనీ చెప్పాను. మామూలు రోజుల్లో అవి తెరిచే ఉంటాయి. నీళ్ళు మూడు మీటర్లు లేస్తాయని అంచనా వస్తేనే మూస్తారు. 1986లో పూర్తయింది. డోంబర్గ్ నుంచి అరగంట ప్రయాణం.

"జాలర్ల మాట విన్నారా!" అని ఆశ్చర్యపోయింది. తలుపుల సంగతి కన్నా అదే ఆవిడకి వింతగా తోచింది. "మాకూ తరవాత తుఫాను షెల్టర్లు కట్టారులే, రెండంతస్తులవి" అంది కాసేపటికి.

ఆ తలుపులు దాటి ఇంకొంచెం వెళ్తే ఔవర్‌కెర్క్ అని ఒక ఊరు, కట్ట తెగిన చోట అడ్డంగా దింపిన నాలుగు కాంక్రీటు పెట్టెల్లోనే మ్యూజియం పెట్టారు, పోయినవాళ్ళ పేర్లు అక్కడ ఉంటాయి అన్నాను.

"అందరి పేర్లూనా?"

"అందరివీ."

చాలాసేపు ఊరుకుంది. "వెళ్దాం అమ్మాయ్. మానకండి. పిల్లలు ఆశపడ్డారు. నేను ఒడ్డున కూర్చుంటా. ఇల్లు మాత్రం మేడ ఉన్నది చూడు, నా మంచం పైన వెయ్యి."

"మెట్లెక్కలేరు కదా అత్తయ్యా."

"ఎక్కుతా. అది నా సంగతి."

అలా వారం రోజులు వెతికి పట్టుకున్న ఇంటిని వదిలేసి, నిన్న రాత్రి వేరే ఇల్లు బుక్ చేశాం. దిబ్బల వెనక, ఊళ్ళోకి, సముద్రానికి నడిచి పావుగంట. పైన రెండు గదులు. మెట్లకి రెండువైపులా పట్టుకునే కమ్మీ ఉందా అని ఇంటివాళ్ళకి మెయిల్ పెట్టి, ఉంది అని జవాబొచ్చాకే డబ్బు కట్టాం. దుప్పట్లు వాళ్ళవే తీసుకున్నాం. ఇసుక మీద ఇల్లు లేదని మా వాడు ఏడుపు ముఖం పెట్టాడు. వాడికి అంతా చెప్పలేదు, కొంత చెప్పాను. పై గది నాకు కావాలి అన్నవాడల్లా, నాన్నమ్మకి ఇచ్చేయ్ అన్నాడు.

ఇవాళ పొద్దున ఫోన్లో అత్తయ్య వాణ్ణి అడిగింది, "ఒరే, నీకు ఈతొచ్చా?" అని. ఇక్కడి పిల్లలకి ఈత డిప్లొమాలుంటాయి, ఏ, బీ, సీ అని. రెండేళ్ళు ప్రతి శనివారం వాణ్ణి ఆ క్లోరిన్ వాసనలో దింపి, బెంచీ మీద కూర్చుని ఫీజుల లెక్క వేసుకుంటూ విసుక్కున్నదాన్ని నేను. మావాడు గొప్పగా చెప్పాడు, పరీక్షలో బట్టలతో, బూట్లతో నీళ్ళలోకి దూకి ఈదాలి నాన్నమ్మా అని.

"బట్టలతోనా? ఎందుకురా?"

"నీళ్ళలో పడిపోయినప్పుడు బట్టలతోనే ఉంటాం కదా!"

ఆ పరీక్ష వీడియో పంపమంది. పంపాను. చూశారా అని మధ్యాహ్నం అడిగితే, "పొద్దుట్నుంచీ అదే పని. ఫోన్ నాకివ్వడం లేదు" అన్నారు మామయ్యగారు.