మా ఇంట్లో కంప్యూటర్ బిగించిన రాత్రి

గోడపత్రికకి కవితే రాయక్కర్లేదు, మీ ఇంట్లో జరిగింది ఏదైనా రాయొచ్చు అన్నారు మేడమ్. నాకు కవిత రాదు. ఆవణి నెలలో మా ఇంట్లో కంప్యూటర్ బిగించిన సంగతి ఒకటుంది, అది రాస్తున్నా. బిగించడం అంటే ప్లగ్గు పెట్టి స్విచ్చి వేయడం కాదు. మదర్‌బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ అన్నీ విడివిడిగా కొని తెచ్చి, స్క్రూడ్రైవర్ పట్టుకుని కింద కూర్చుని ఒక్కొక్కటీ కూర్చడం.

మా నైనా ఇంటి ముందుగదిలో డీటీపీ పని చేస్తాడు. పెళ్లి పత్రికలు, గృహప్రవేశాలు, పెద్దకర్మ కార్డులు. ఒక పక్క తెలుగు, ఒక పక్క తమిళం. వాషర్‌మన్‌పేట చుట్టుపక్కల తెలుగు ఇళ్లవాళ్లు ఇంకా పత్రిక తెలుగులో కొట్టించుకుంటారు, ఇంట్లో అది చదవగలిగేవాళ్లు ఒకరిద్దరే ఉన్నా సరే. ఆ పనంతా చేసిపెట్టిన కంప్యూటర్ 2009లో కొన్నది. నాకంటే నాలుగేళ్లు చిన్నది. ఒక సాయంత్రం పని మధ్యలో ఠక్కున ఆగిపోయింది. మూత విప్పి చూస్తే బోర్డు మీద ఉండే చిన్న చిన్న డబ్బాలు, కెపాసిటర్లు, మూడు పైకి పొంగి ఉన్నాయి. ఒకదాని నెత్తిన గోధుమరంగు జిగురులాంటిది కారి ఎండిపోయింది.

రిపేరు చేసే అతను వచ్చి చూసి, ఈ బోర్డు ఇప్పుడు దొరకదు, పాతది ఒకటి చూసిపెడతా, గ్యారంటీ మాత్రం అడగొద్దు అన్నాడు. నైనా చేతిలో అప్పటికి మూడు పెళ్లిళ్ల పత్రికలున్నాయి. చీటీ ఎత్తిన డబ్బు బీరువాలో ఉంది. అది నా ఫీజుకీ, తాత రెండో కంటి ఆపరేషన్‌కీ అని పెట్టింది. ఆ రాత్రి నైనా అన్నం సరిగా తినలేదు.

మరునాడు ఇద్దరం మెట్రో ఎక్కి గవర్నమెంట్ ఎస్టేట్‌లో దిగి రిచ్చీ స్ట్రీట్‌కి నడిచాం. మీలో వెళ్లనివాళ్లకి చెప్తున్నా, అది వీధి కాదు, పుట్ట. అంగుళం ఖాళీ లేకుండా వైర్లు, స్క్రీన్లు, చార్జర్లు, వాటి మధ్యలోంచి దూరే టీవీఎస్‌లు. ఒక షాపులో అడిగేది నేను, జవాబు నైనాకి. ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉందా అని నేనడిగితే ఆయన నైనా వైపు తిరిగి "ఉంది సార్" అన్నాడు. చివరికి "తంబి వరలయా సార్?" అని కూడా అడిగాడు. తమ్ముడు లేడు, ఉన్నదాన్ని నేనే. ఆ షాపులో కొనలేదు. కొనకపోవడానికి కారణం అది కాదులెండి, ధర ఎక్కువ చెప్పాడు.

ఇంకోచోట కొన్నాం. ఐ3 పన్నెండో తరం ప్రాసెసర్, అంటే 12100, దానికి సరిపోయే హెచ్610 బోర్డు, 8 జీబీ డీడీఆర్4 ర్యామ్, 500 జీబీ ఎస్ఎస్‌డీ, కొత్త కేబినెట్, పవర్ సప్లై. మొత్తం 24,000 దాటింది. బిగించి ఇవ్వడానికి ఇంకో వెయ్యి, అదీ నాలుగు రోజులయ్యాక అన్నారు. పండగ ముందు రద్దీ అట. నాలుగు రోజులంటే ఒక పెళ్లి పత్రిక చేయి జారినట్టే. నేను బిగిస్తా నైనా అన్నాను. అప్పటికి నేను వీడియోలు చూడటమే తప్ప స్క్రూ ఒక్కటి తిప్పింది లేదు. నైనా నా మొహం చూశాడు, డబ్బు లెక్కపెట్టి ఇచ్చాడు, ఏమీ అనలేదు. దారిలో మాత్రం, "హిస్టరీ చదివేదానివి నీకెందుకే ఇది" అన్నాడు.

అన్నం తిన్నాక ఎనిమిదింటికి మొదలుపెట్టాను. నేల మీద పాత పేపర్లు పరిచి, బోర్డుని దాని అట్టపెట్టె మీదే పెట్టుకున్నా. ఒంటిమీద విద్యుత్తు, అదే స్టాటిక్, భాగాల్లోకి పోకుండా ముందు కేబినెట్ ఇనుము ముట్టుకోవాలి. చెన్నై ఉక్కపోతలో ఆ భయం తక్కువే అయినా ముట్టుకున్నా. అమ్మ గుమ్మంలో నిలబడి, పాత ర్యామ్ బాగానే ఉంది కదా, అది పెట్టొచ్చు కదా అని తమిళంలో అడిగింది. పాతది డీడీఆర్2. దాని గంటు ఒక చోట, దీని గంటు ఇంకో చోట. పట్టదు. చూపిస్తే, ఊరికే కొనిపించడానికి ఇలా చేస్తారు అంది.

ముందు ప్రాసెసర్. బోర్డు మీద దాని గూట్లో 1,700 సన్నని ముళ్లు ఉంటాయి, వెంట్రుకల్లాంటివి. ఒక్కటి వంగినా బోర్డు పోయినట్టే అనుకోవాలి. ప్రాసెసర్ మూల మీద చిన్న బంగారు త్రికోణం, గూటి మీద ఇంకో త్రికోణం. రెండూ కలిసేలా పైనుంచి మెల్లిగా వదలాలి, నొక్కకూడదు. అది బాగానే కూర్చుంది. అసలు భయం తరువాతే. పక్కనున్న మీట కిందికి నొక్కి కొక్కానికి తగిలించాలి. దానికి చాలా బలం కావాలి. నొక్కుతుంటే కరకరమని చప్పుడు. ఇంతలో గూటి మీదున్న నల్ల ప్లాస్టిక్ మూత టప్పున ఎగిరిపడింది. నేను కెవ్వుమన్నాను. అది ఎగిరిపడాల్సిందేనని వీడియోలో చూశాను, అయినా అరిచాను. ఆ మూత పారేయకండి, బోర్డు వారంటీకి పంపాల్సి వస్తే అది అడుగుతారు.

తరువాత ర్యామ్. అప్పటికి తాత లేచి వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. తాతకి ఒక కన్ను ఆపరేషన్ అయింది, రెండోది మసక. ఇటివ్వు అన్నాడు. బంగారు రంగు అంచు ముట్టుకోకు తాతా అని చెప్పి ఇచ్చాను. రెండు కొసలూ పట్టుకుని గోరుతో కిందంచు తడిమాడు.

"గంటు మధ్యలో లేదే, ఒక పక్కకి జరిగుందే."

"తిరగేసి పెట్టకుండా అలా చేస్తారు తాతా."

"అచ్చుకి కూడా ఉంటుందిలే. నిక్కు అంటాం. స్టిక్కులో పేర్చేటప్పుడు బొటనవేలికి తగలాలి. తగల్లేదంటే అక్షరం తిరగబడిందని. కంటితో చూసుకుంటూ కూర్చుంటే పేజీ తెమిలేనా?"

మా తాత కంపోజిటర్. చందమామ 1947లో మొదలైంది ఈ ఊళ్లోనే, తెలుగు పుస్తకాలు ఎన్నో అచ్చయింది ఇక్కడే అని మనకి పాఠంలో చెప్తారు. తాత పనిచేసింది అంత పేరున్న చోట కాదు, సందులో ఉన్న చిన్న ప్రెస్సులో. సీసం, తగరం, ఆంటిమొనీ కలిపి పోసిన అచ్చులు. తెలుగుకి గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా గళ్లలో ఉండేవి, ఏ గడిలో ఏముందో చెయ్యికే తెలియాలి. ఆ ప్రెస్సు మూతపడ్డాక నైనా కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఇవన్నీ నాకు ఇంతకు ముందు తెలుసు. కానీ నిక్కు సంగతి తాత ఎప్పుడూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

ర్యామ్ పెట్టి రెండు చివర్లా బొటనవేళ్లతో నొక్కితే టిక్కుమంది. ఎస్ఎస్‌డీ చూయింగ్ గమ్ బిళ్లంత ఉంది, ఏటవాలుగా దూర్చి కిందికి వంచి స్క్రూ పెట్టాలి. ఆ స్క్రూ మినప్పప్పు బద్దంత. అది మంచం కిందికి పోయింది. వెతకడానికి ఇరవై నిమిషాలు పట్టింది, దానితోపాటు అమ్మ ముక్కుపుల్ల మర కూడా దొరికింది కాబట్టి నన్ను తిట్టలేదు.

ప్రాసెసర్ మీద ఫ్యాను. అడుగున బూడిదరంగు పేస్టు ముందే పూసి ఉంటుంది, వేలు పెట్టకూడదు. నాలుగు మూలలా నాలుగు పిన్నులు, ఎదురెదురు మూలలుగా నొక్కాలి. నొక్కుతుంటే బోర్డు అప్పడంలా వంగుతోంది. నాకు గుండె జారిపోయింది. ఆ భయంతోనే నేను తప్పు చేశాను.

బోర్డు కేబినెట్ రేకుకి తగలకుండా దాని కింద చిన్న ఇత్తడి కాళ్లు ఉంటాయి, స్టడ్లు అంటారు. బోర్డులో కన్నం ఉన్నచోట మాత్రమే కింద స్టడ్ ఉండాలి. నా బోర్డుకి కన్నాలు ఆరు. కేబినెట్‌తో ఇచ్చిన పొట్లంలో స్టడ్లు ఎక్కువున్నాయి. లోపల రేకుకి మర కన్నాలూ ఎక్కువున్నాయి, రకరకాల బోర్డులు పడతాయి కాబట్టి. బోర్డు అంతలా వంగుతోంది కదా, మధ్యలో ఇంకో కాలు ఊతంగా ఉంటే మంచిదని ఏడోది బిగించాను. ఎవరూ చెప్పలేదు, నా తెలివే.

తరువాత వైర్లు. 24 పిన్నుల పెద్దది, ప్రాసెసర్‌కి 8 పిన్నులది, ముందువైపు స్విచ్చికీ లైట్లకీ సన్నవి. ఈ సన్నవి బిగించేటప్పుడు దేవుడు గుర్తొస్తాడు. మాన్యువల్‌లో చాలా భాషలున్నాయి. తెలుగూ లేదు, తమిళమూ లేదు.

పదకొండు దాటింది. ప్లగ్గు పెట్టాం. నైనా చేతే స్విచ్చి నొక్కించాను. ఫ్యాను అర చుట్టు తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ అర చుట్టు.

"పోచ్చా?" అంది అమ్మ.

నైనా ఏమీ అనలేదు. అదే నాకు భరించలేకపోయింది. తిట్టుంటే నేనూ ఏదో ఒకటి అనుండేదాన్ని. బీరువాలో ఖాళీ కవరు, తాత కన్ను, వెయ్యి రూపాయలు మిగిలించబోయి పోగొట్టిన 24,000, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. బాత్రూంలోకి పోయి కుళాయి తిప్పి ఏడ్చాను. బయటికొచ్చేసరికి తాత నైనాతో అంటున్నాడు: "అచ్చు తప్పు పడితే ప్రెస్సు తగలబెడతామా? ప్రూఫ్ చూడండి. ఒకరు కాపీ చదవాలి, ఒకరు అచ్చు చూడాలి. కట్టినవాళ్లే చూస్తే తప్పు కనబడదు."

అలాగే చేశాం. ప్లగ్గు పీకేసి, నైనా మాన్యువల్ పట్టుకుని మొదటి నుంచి గట్టిగా చదివాడు. నేను ఒక్కొక్కటీ వేలితో ముట్టుకుని "ఉంది" అన్నాను. ప్రాసెసర్ వైరు, ఉంది. ర్యామ్, ఉంది. ఫ్యాను వైరు, ఉంది. బోర్డు స్క్రూలు ఆరు, ఉన్నాయి. స్టడ్లు ఆరు అని చదివాడు నైనా. నేను ఉన్నాయి అనబోయి ఆగిపోయాను.

"ఏడు" అన్నాను.

నైనా కళ్లజోడు పైకెత్తి చూశాడు. మాన్యువల్‌లో బొమ్మ మీద పెన్నుతో కన్నాలు లెక్కపెట్టాడు, నోట్లో ఏదో అనుకున్నాడు. వైర్లన్నీ మళ్లీ పీకి బోర్డు బయటికి తీశాం. వెనకవైపు టంకం చుక్కల మధ్య, సరిగ్గా ఆ ఏడో స్టడ్ ఆనినచోట, చిన్న గీత. ఇత్తడి కాలు రెండు టంకం చుక్కల్ని కలిపేసింది. షార్ట్ అని తెలిసి పవర్ సప్లై తనంతట తనే ఆగిపోయింది. అది ఆగకపోయుంటే బోర్డు కాలేది. స్టడ్ తీసేశాను. తీరా చూస్తే వెనక పెట్టాల్సిన రేకు, యూఎస్‌బీ కన్నాలుండే పలక, అట్టపెట్టెలోనే ఉంది. అది ముందే పెట్టాలి, బోర్డు బిగించాక పట్టదు. అది కూడా మరిచిపోయానని ఎవరికీ చెప్పకుండా పెట్టేశాను. ఇప్పుడు ఇక్కడ చెప్తున్నా.

ఒంటిగంటకి మళ్లీ నొక్కాం. ఫ్యాను తిరిగింది. తెర నల్లగా ఉంది. అర నిమిషం ఉంటుందేమో, నాకు అది మూడు గంటల పరీక్షలా అనిపించింది. తరువాత బోర్డు కంపెనీ గుర్తు వచ్చింది. ప్రాసెసర్ వేడి 38 డిగ్రీలు అని చూపించింది. అమ్మ లోపలికెళ్లి అందరికీ కాఫీ పెట్టుకొచ్చింది, రాత్రి ఒంటిగంటకి. నైనా కాఫీ తాగుతూ ఆ 38ని చూస్తూ కూర్చున్నాడు.

పొద్దున్నే పాత హార్డ్‌డిస్క్ తగిలించాం. పదిహేనేళ్ల పత్రికలు ఒక్కటీ పోలేదు, అందులో మా అత్త పెళ్లిదీ ఉంది. పేజ్‌మేకర్, తెలుగు ఫాంట్లు కొత్త విండోస్‌లో కుదురుకోవడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది, వత్తులన్నీ ఎటో ఎగిరిపోయేవి. మూడు పత్రికల్లో రెండు టైముకి ఇచ్చాం. మూడోది ఒకరోజు ఆలస్యం, వాళ్లు వంద రూపాయలు తగ్గించుకున్నారు. తాత కంటి ఆపరేషన్ పొంగల్ తరువాతకి పోయింది. తాతేమో తొందరేముంది అంటాడు.

కేబినెట్ ముందున్న పవర్ లైటు ఇప్పటికీ వెలగదు. స్విచ్చి వైర్లు ఎటు పెట్టినా పనిచేస్తాయి కానీ లైటు వైర్లకి ప్లస్సు, మైనస్సు ఉంటాయి, నేను తిరగేసి పెట్టాను. రెండు నిమిషాల పని. ఇంటర్నల్స్ అయ్యాక మూత విప్పి మార్చాలి.