టీవీ లేని ఊరి డెబ్బైలు

డెబ్బైల నాటి టీవీ ముచ్చట్లు ఎవరైనా చెబుతుంటే వింటానే గాని, కలుపుకోవడానికి నా వద్ద ఏమీ ఉండదు. హైదరాబాదు దూరదర్శన్ మొదలైనదే 1977 అక్టోబరులో. అది మా చల్లపల్లి దాకా రావడానికి మరి కొన్నేళ్లు పట్టింది. మాకు సర్వస్వమూ రేడియోయే. బెజవాడ కేంద్రం పెద్దలది, సిలోన్ పిల్లలది. మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినబడితే చాలు, లెక్కల పుస్తకం మూలకు చేరేది.

పాటలకంటె ప్రకటనలే త్వరగా నోటికి వచ్చేవి. సుమతీ శతకంలో ఒక్క పద్యమైనా తిన్నగా అప్పజెప్పలేని మా సహాధ్యాయి ఒకడు పళ్లపొడి, తలనొప్పి మాత్రల ప్రకటనలను ఆడగొంతూ మగగొంతూ తానే అయి తరగతి అంతటికీ వినిపించేవాడు. (తెలుగు మాస్టారు కోప్పడుతూనే నవ్వేవారు.) వాడిది సముద్రపుటొడ్డు పల్లె. 1977 నవంబరు 19, శనివారం. వాడు ఇంటికి వెళ్లి ఉన్నాడు. ఆనాటి ఉప్పెనలో దివిసీమలోనూ చుట్టుపట్లా పోయినవారు సుమారు 10,000 మందని తరువాత లెక్క తేల్చారు.

బడి తెరిచాక ఆ ప్రకటనలను మా తరగతిలో మరెవరూ అనుకరించలేదు.

ఇప్పుడు యూట్యూబులో ఆ కాలపు పాటలూ, ప్రకటనలూ కూడా దొరుకుతున్నాయి. పాటలు వింటాను. ప్రకటనల జోలికి పోను.